ఏదెను తోటలో రెండు చెట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి నేను కూర్చుని అల్లిన ప్రశ్నలు కావు. శ్రీకాకుళం, ఉద్దానం వైపు సంఘాల్లో యువజన కూడికల్లో, సండే స్కూల్లో అడిగినవి. కొన్ని ఇరుగుపొరుగు అడిగినవి. చేతిలో బైబిలు చూసి బస్సులో పక్క సీటాయన అడిగిన ప్రశ్న కూడా ఒకటుంది. నేను అయ్యగారిని (పాస్టరును) కాను, బైబిలు పాఠం చెప్పే మనిషిని. నా సొంత అభిప్రాయం ఉన్నచోట అది నాదేనని చెప్పాను. ఆదాము, హవ్వల ఏదెను తోట కథ ఉన్నది బైబిలు మొదటి పుస్తకం ఆదికాండములో; దాని 2, 3 అధ్యాయాలు పక్కన తెరిచి పెట్టుకుంటే ఇది చదవడం తేలిక. రెండూ కలిపి పావుగంట పట్టదు.

తోటలో ప్రత్యేకమైన చెట్టు ఒకటా, రెండా?

రెండు. ఆదికాండము 2:9లో రెండు పేర్లూ ఉన్నాయి: జీవవృక్షం, మంచి చెడ్డల తెలివినిచ్చే వృక్షం. దేవుడు వద్దన్నది రెండోదాని పండు మాత్రమే (2:17). జీవవృక్షం మీద ఆ సమయానికి ఏ ఆంక్షా లేదు.

ఈ సంగతి చాలామంది గమనించరు. "ఏదెనులో చెట్టు" అనగానే తినొద్దన్న చెట్టే గుర్తొస్తుంది. విచిత్రం ఏంటంటే హవ్వకూ అలాగే అయింది. 2:9లో తోట మధ్యన ఉన్నదని మొదట చెప్పింది జీవవృక్షం గురించి. 3:3లో పాముతో మాట్లాడేటప్పుడు హవ్వ "తోట మధ్యనున్న చెట్టు" అన్నది తినొద్దన్న చెట్టును. పక్కనే ఉన్న జీవవృక్షం ఆమె మాటల్లో ఎక్కడా లేదు. పైగా దేవుడు చెప్పని "ముట్టుకోకూడదు" అనే మాట కూడా కలిపింది. మనసు ఎటు తిరిగిందో అక్కడే తెలిసిపోతుంది. మన ప్రసంగాలూ ఎక్కువగా అటే తిరుగుతాయి. ఈ పేజీలో అడుగడుగునా నేను జీవవృక్షం దగ్గరకు లాక్కొస్తుంటే ఏమీ అనుకోకండి.

మన ఊళ్లో రావిచెట్టు, వేపచెట్టులా అవి కూడా దేవతా వృక్షాలా? సిరిమాను లాంటివా?

విజయనగరంలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న రాకమానదు. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను కదులుతుంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి. ఆ ఏడాది చింతమాను ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. పూజలు చేశాకే దాన్ని కొట్టి తెస్తారు. పూజారి ఆ మాను చివర కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లొస్తారు. భక్తులకు అక్కడ పూజారి రూపంలో, మాను మీద కనిపించేది అమ్మవారే.

ఏదెను చెట్ల సంగతి వేరు. ఆదాము వాటికి మొక్కలేదు, వాటి చుట్టూ తిరగలేదు. వాటిలో దేవుడు ఉన్నాడని కథ ఎక్కడా చెప్పదు. దేవుడు చల్లపూట తోటలో నడిచి వస్తాడు (3:8). చెట్లను నాటింది ఆయనే, కానీ ఆయన చెట్టులో కాపురం ఉండడు. తప్పు చేశాక ఆదాము, హవ్వ దేవుడికి కనపడకుండా దాక్కున్నది కూడా చెట్ల మధ్యనే.

మరి వాటిని పవిత్రం అనొచ్చా? అనొచ్చనే నా ఉద్దేశం. వాటిని ప్రత్యేకం చేసింది దేవుడి మాట. ఒకదానికి జీవాన్ని జోడించాడు, ఇంకోదానికి ఆజ్ఞను. ఆ మాట తీసేస్తే మిగిలేది రెండు మామూలు చెట్లు.

చెట్టు దగ్గర దేవుణ్ణి కలుసుకోవడం బైబిలుకు కొత్తేమీ కాదు. మమ్రే దగ్గర సింధూరవనంలో అబ్రాహాముకు దేవుడు ప్రత్యక్షమయ్యాడు (ఆదికాండము 18). బెయేర్షెబాలో అబ్రాహామే ఒక పిచులవృక్షం నాటి అక్కడ ప్రార్థన చేశాడు (21:33). ప్రవక్త్రి దెబోరా ఖర్జూర చెట్టు కింద కూర్చుని తీర్పులు చెప్పేది. కానీ ద్వితీయోపదేశకాండము 16:21 దగ్గరకొచ్చేసరికి బలిపీఠం పక్కన అషేరా దేవత కోసం ఏ చెట్టునూ నాటకూడదని గట్టి ఆజ్ఞ ఉంది. చెట్టు నీడలో ప్రార్థించొచ్చు, చెట్టునే ప్రార్థించకూడదు అనే గీత అది. ఆ గీత మనం మన నడకకు పెట్టుకున్నది. పక్కింటివాళ్ల ఆచారాన్ని చులకన చేయడానికి దాన్ని వాడేవాళ్లంటే నాకు పడదు.

తిన్నది యాపిల్ పండేనా?

పండు పేరు బైబిల్లో లేదు. యాపిల్ ఐరోపా చిత్రాల నుంచి, కవిత్వం నుంచి మనదాకా వచ్చింది. ఆ తర్వాత సండే స్కూలు బొమ్మల పుస్తకాలు దాన్నే ఖాయం చేశాయి. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1504లో చెక్కిన ఆదాము హవ్వల బొమ్మ ఐరోపాలో బాగా పేరు పొందింది. రోములో సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద మైకెలాంజెలో మాత్రం అంజూరపు చెట్టునే వేశాడు.

యూదు పండితులు ఈ విషయం మీద బాగా వాదించుకున్నారు. యూదుల బోధల గ్రంథం తల్ముదులో రబ్బీ (యూదు గురువు) మేయీరు అది ద్రాక్ష అంటాడు. రబ్బీ నెహెమ్యా అంజూరం అంటాడు, ఎందుకంటే తిన్న వెంటనే ఒళ్లు కప్పుకోవడానికి కుట్టుకున్నవి అంజూరపు ఆకులే కదా అని. రబ్బీ యూదా గోధుమ అంటాడు. చెట్టు గురించి అడిగితే గోధుమ ఏంటని మా కుర్రాళ్లు నవ్వారు. ఆయన తర్కం కూడా వినాలి: పసిపిల్ల ధాన్యం రుచి చూశాకే అమ్మా, నాన్నా అని పిలవడం నేర్చుకుంటుందట, అంటే తెలివి అక్కడ మొదలవుతుందని.

పేరు చెప్పకపోవడమే మేలైంది. చెప్పి ఉంటే ఆ పండును మనం ఇప్పటికీ ఇంట్లోకి రానిచ్చేవాళ్లం కాదేమో.

తెలివి తెచ్చుకోవడం పాపమా? మరి పిల్లల్ని చదివించడం దేనికి?

పాపం కాదు. బైబిల్లోనే దానికి సాక్ష్యం ఉంది. సొలొమోను రాజయ్యాక మంచి చెడ్డలు వివేచించే మనసు ఇమ్మని అడిగాడు. దేవుడు సంతోషించి ఇచ్చాడు (1 రాజులు 3:9-12). అదే తెలివి ఇక్కడ వరం, అక్కడ నేరం ఎలా అవుతుంది?

తేడా దాన్ని ఎలా సంపాదించారన్న దానిలో ఉంది. సొలొమోను అడిగి పుచ్చుకున్నాడు. ఆదాము, హవ్వ చెయ్యి చాచి తీసుకున్నారు. 3:6 నెమ్మదిగా చదవండి. ఆ చెట్టులో హవ్వకు మూడు కనిపించాయి: తినడానికి మంచిది, కళ్లకు ఇంపైనది, తెలివినిస్తుంది. మొదటి రెండూ తోటలో ప్రతి చెట్టుకూ ఉన్నాయని 2:9లో ముందే రాసి ఉంది. వాటి కోసం ఈ చెట్టు దాకా రానక్కర్లేదు. కొత్తగా కావాల్సి వచ్చింది మూడోదొక్కటే. పాము ఆశ పెట్టింది కూడా దానితోనే: మీరు దేవతలలా అవుతారు.

అందుకే చాలామంది వ్యాఖ్యాతలు ఈ "తెలివి"ని సమాచారం అనే అర్థంలో తీసుకోరు. ఏది మంచో ఏది చెడో తేల్చే అధికారం నాదే అనుకోవడంగా తీసుకుంటారు. నేనూ ఆ మాటే చెబుతాను. చెడును మంచి అని, మంచిని చెడు అని పిలిచేవాళ్లకు శ్రమ అని యెషయా 5:20 అన్నది ఈ రోగం గురించే. దీనికి చదువుతో సంబంధం లేదు. పెద్ద చదువులు చదివి ఈ పండు ముట్టనివాళ్లూ ఉన్నారు, అక్షరం ముక్క రాకుండా రోజూ తినేవాళ్లూ ఉన్నారు.

ఒక కాలేజీ అమ్మాయి అడిగింది: "అయితే ప్రశ్న వేయడం తప్పు కాదు కదండీ?" కాదమ్మా. దేవుడు ఆదామును పలకరించిందే ఒక ప్రశ్నతో, నువ్వు ఎక్కడున్నావని.

ఇది పెళ్లి కాపురం గురించిన కథ అంటారు, నిజమేనా?

కాదు. పిల్లల్ని కని భూమిని నింపమన్న దీవెన 1:28లోనే ఉంది, ఈ గొడవకు చాలా ముందు. భార్యాభర్తలు ఏకశరీరం కావడం కూడా 2:24లోనే ఉంది.

తినొద్దనుకుంటే ఆ చెట్టు నాటడమెందుకు? దేవుడే ఉచ్చు పన్నినట్టు లేదూ?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. జవాబు చెప్పేవాళ్లు తడబడేదీ ఇక్కడే.

ముందు ఆజ్ఞను మొదటి నుంచి చదవాలి. 2:16లో మొదటి మాట తోటలో ప్రతి చెట్టు పండూ నిరభ్యంతరంగా తినమని. ఆ తర్వాతే ఒక్కటి వద్దని. పాము వచ్చి ఆ వరుసను తిరగేసింది: తోటలో ఏ చెట్టు పండూ తినొద్దన్నాడట కదా? అంత పెద్ద అనుమతిని ఒక్క వాక్యంతో పెద్ద నిషేధంగా మార్చేసింది.

పలాస దగ్గర ఒక ఆసామి తన జీడితోటను కౌలుకిచ్చి, పంటంతా నువ్వే అనుభవించు, గట్టు మీది ఆ ఒక్క చెట్టు మాత్రం నాది అన్నాడనుకోండి. ఆ ఒక్క చెట్టు కాపుతో ఆయనకు ఒరిగేదేమీ లేదు. కానీ అది ఉన్నన్నాళ్లూ తోట ఎవరిదో కౌలుదారుకి గుర్తుంటుంది. ఆదాముకు అప్పగించిన పని తోటను సేద్యం చేసి కాయడం (2:15). హక్కుదారు ఎవరో చెప్పే గుర్తు తోటలో ఒకటి ఉండాలి కదా. కతోలిక సంఘం 1992లో వెలువరించిన సత్యోపదేశం అనే బోధనా గ్రంథంలో కూడా దాదాపు ఇదే అర్థం కనిపిస్తుంది: మనిషి సృష్టించబడినవాడు కాబట్టి దాటరాని హద్దులు ఉన్నాయి, ఆ చెట్టు వాటికి గుర్తు.

ఇక "ఉచ్చు" అన్న మాట. ఉచ్చు వేసేవాడు దాన్ని ఆకులతో కప్పుతాడు. ఇక్కడ చెట్టును చూపించారు, పేరు చెప్పారు, తింటే ఏమవుతుందో కూడా చెప్పారు. ఇంత చెప్పాక కూడా, తప్పుతారని తెలిసి ఎందుకు పెట్టాడు అని అడిగేవాళ్లుంటారు. వాళ్లను విశ్వాసం లేనివాళ్లంటూ కసరొద్దు. యోబు ఇంతకంటే గట్టి ప్రశ్నలే అడిగాడు, దేవుడు చివర్లో ఆయన్నే మెచ్చుకున్నాడు.

ఆ పండు ఎప్పటికీ వద్దన్నాడా, అప్పటికి వద్దన్నాడా?

మంచి ప్రశ్న, తక్కువమంది అడిగేది. 2వ శతాబ్దంలో అంతియొకయ బిషప్పు తెయోఫిలు ఒక మాట రాశాడు. చెట్టూ మంచిదే, పండూ మంచిదే, చావు తెచ్చింది అవిధేయతే. ఆదాము ఇంకా పసివాడు కాబట్టి అంత తెలివి మోసే వయసు రాలేదు అన్నాడు. అదే కాలంలో లియోను బిషప్పు ఇరేనియసు కూడా ఆదాము హవ్వలను ఎదగాల్సిన పిల్లల్లాగే చూశాడు. 4వ శతాబ్దపు సిరియా కవి ఎఫ్రేము ఇంకో అడుగు ముందుకేశాడు. ఆజ్ఞ నిలబెట్టుకుని ఉంటే దేవుడే ఆ రెండు చెట్ల పండ్లూ బహుమానంగా ఇచ్చి ఉండేవాడని ఆయన ఊహ.

మన జిల్లావాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మందస, మెళియాపుట్టి కొండ పల్లెల్లో సవరలు మామిడి కొత్త పండగ చేసేదాకా ఆ ఏడాది కొత్త మామిడి నోట పెట్టరు. చెట్టు నిండా కాయలున్నా సరే, ముందు సమర్పణ, తర్వాతే తినడం. మామిడి చెడ్డదని ఎవరూ అనరు. లేవీయకాండము 19:23-25లో ఇశ్రాయేలీయులకూ ఇలాంటి నియమమే ఉంది. నాటిన పండ్ల చెట్టు కాపు మూడేళ్లు తినకూడదు, నాలుగో ఏటి కాపు దేవుడికి, అయిదో ఏటి నుంచి తినొచ్చు.

ఆదికాండము మాత్రం "అప్పటికి వద్దు" అని రాయలేదు, "వద్దు" అనే రాసింది. కాబట్టి దీన్ని సంఘ పితరుల (తొలి శతాబ్దాల సంఘ బోధకుల) ఆలోచనగానే తీసుకోండి. నాకైతే చాలా ఇష్టమైన ఆలోచన.

బుద్ధుడు చెట్టు కిందే జ్ఞానం పొందాడు. ఆదాము చెట్టు దగ్గరే అంతా పోగొట్టుకున్నాడు. ఎందుకిలా?

శాలిహుండం చూసి వచ్చిన ఒక డిగ్రీ కుర్రాడు అడిగాడు. వంశధార ఒడ్డున కొండ మీద స్తూపాలు చూస్తే ఆ ఆలోచన రావడం సహజమే.

రెండు కథల్లో చెట్టు చేసే పని వేరు. బోధివృక్షం బుద్ధుడికి నీడనిచ్చింది. ఆయన దాని పండు తిని జ్ఞాని కాలేదు, ధ్యానంతో అయ్యాడు. ఏదెనులో ప్రశ్న, దేవుడికీ మనిషికీ మధ్య ఉన్న నమ్మకం నిలుస్తుందా లేదా అన్నది. ఒకచోట అజ్ఞానం తొలగడం ముఖ్యం, ఇంకోచోట బంధం తెగడం ముఖ్యం. రెంటినీ పక్కపక్కన పెట్టి ఇది గొప్పా అది గొప్పా అని తూచితే రెండూ అర్థం కావు.

ఇంకో కథ కూడా చెప్పాను ఆ అబ్బాయికి. మెసొపొటేమియా ప్రాచీన కావ్యంలో గిల్గమేషు అనే రాజు ముసలితనం పోగొట్టే మొక్కను నీటి అడుగు నుంచి సంపాదిస్తాడు. దారిలో స్నానానికి దిగినప్పుడు పాము దాన్ని ఎత్తుకుపోతుంది. మొక్క, పాము, చేజారిన ఆయుష్షు అన్నీ ఉన్నాయి. కానీ ఆజ్ఞ లేదు, "నువ్వు ఎక్కడున్నావు" అని వెతుక్కుంటూ వచ్చే దేవుడు లేడు.

తిన్న రోజునే చస్తారన్నాడు. ఆదాము 930 ఏళ్లు బతికాడు కదా. మరి పామే నిజం చెప్పిందా?

930 ఏళ్లు ఆదికాండము 5:5లో ఉన్నాయి, నిజమే. దీనికి సంఘంలో రెండు మూడు వివరణలు నడుస్తాయి. ఆ రోజే దేవుడితో సంబంధం తెగింది, అదే అసలు చావు అని ఒకటి. ఆ రోజు నుంచి చావు ఖాయమైంది అని ఇంకొకటి. కథలో జరిగింది చూడండి: అదే రోజు సిగ్గు వచ్చింది, భయం వచ్చింది, ఒకరి మీద ఒకరు నేరం మోపుకోవడం వచ్చింది. ఆ తర్వాత జీవవృక్షానికి దారి మూసుకుపోయింది. నాలుగో అధ్యాయానికల్లా ఆదాము కొడుకుల్లో అన్న తమ్ముణ్ణి చంపాడు. పాము మాట పైకి నిజంలాగే కనిపించింది, అది పాముకున్న నైపుణ్యం.

తప్పంతా హవ్వదేనా?

3:6 మళ్లీ చదవండి. భర్త ఆమెతోనే ఉన్నాడు. ఆజ్ఞ నేరుగా విన్నది ఆయనే, అప్పటికి హవ్వ ఇంకా సృష్టించబడలేదు. పక్కన నిలబడి ఒక్క మాట అనలేదు, ఇస్తే తిన్నాడు, అడిగితే ఆమె మీదికి నెట్టాడు. రోమా 5లో పౌలు ఈ పాపాన్ని ఆదాము పేరు మీదే రాస్తాడు. అయినా ఆడవాళ్ల కూడికల్లో కూడా ఇప్పటికీ హవ్వనే తిడుతుంటాం. ఇది మానుకోవాలి.

పాము అంటే సాతానేనా?

ఆదికాండములో అది పామే, జంతువులన్నిటిలో యుక్తి గలది. దాన్ని అపవాదితో (సాతానుతో) కలిపి చెప్పింది ప్రకటన గ్రంథం 12:9.

జీవవృక్షం తర్వాత ఏమైంది?

ఈ ప్రశ్న ఎక్కువమంది అడగాలని నా కోరిక.

3:22-24లో దేవుడు వాళ్లను తోట నుంచి పంపేసి, తూర్పున కెరూబులనే పరలోక ప్రాణులను, తిరుగుతున్న ఖడ్గజ్వాలను కాపలా పెట్టాడు. శిక్షలాగే ఉంటుంది. కానీ ఆ చెట్టు పండు తిని ఆ స్థితిలోనే నిరంతరం బతికి ఉంటే? పగ, సిగ్గు, భయం చావు లేకుండా సాగేవి. దారి మూయడంలో కనికరం కూడా ఉందని చాలామంది బోధకులు చెబుతారు. నేనూ ఒప్పుకుంటాను. చెట్టును నరకలేదన్నది మాత్రం గమనించండి. కాపలా పెట్టింది దారికి.

ఆ తర్వాత బైబిల్లో ఈ చెట్టు అక్కడక్కడా తొంగి చూస్తూనే ఉంటుంది. ఇశ్రాయేలీయుల ఆరాధన స్థలమైన ప్రత్యక్ష గుడారంలోని బంగారు దీపవృక్షానికి కొమ్మలున్నాయి, బాదం పువ్వుల ఆకారంలో గిన్నెలున్నాయి (నిర్గమకాండము 25). సొలొమోను కట్టించిన ఆలయం గోడల నిండా కెరూబులు, ఖర్జూర చెట్లు, విచ్చిన పువ్వులు చెక్కారు (1 రాజులు 6:29). గుడార ద్వారం తూర్పున ఉంది. ఏదెనును మనసులో పెట్టుకుని ఆ వివరాలు చదివితే, పోగొట్టుకున్న తోటలోకి మళ్లీ అడుగుపెడుతున్నట్టే ఉంటుంది. ఎఫ్రేము ఏదెనును ఆలయంలాగే ఊహించాడు: తెలివినిచ్చే చెట్టు తెర, దాని వెనుక అతిపరిశుద్ధ స్థలంలో జీవవృక్షం.

సామెతల గ్రంథంలో జ్ఞానం జీవవృక్షం (3:18), నీతిమంతుల ఫలం జీవవృక్షం (11:30), నెరవేరిన కోరిక జీవవృక్షం (13:12), సాత్వికమైన నాలుక జీవవృక్షం (15:4). ఇంట్లో మెత్తగా మాట్లాడేవాళ్లు ఒకరుంటే ఆ చివరిది వివరించనక్కర్లేదు.

యెహెజ్కేలు 47లో ఆలయం గడప కింద నుంచి ఊట పుట్టి నది అవుతుంది. దాని రెండు ఒడ్డులా చెట్లు, నెలనెలా కాపు, ఆకులు మందుకు. ఆ దర్శనమే బైబిలు చివరి అధ్యాయంలో, ప్రకటన 22:2లో, జీవవృక్షంగా తిరిగొస్తుంది. పన్నెండు కాపులు, ఆకులు జనాల స్వస్థతకు. తెలివినిచ్చే చెట్టు అక్కడ లేదు. కాపలా లేదు. ఆ పట్టణం గుమ్మాలు మూయరని 21:25 చెబుతుంది.

సిలువను కూడా చెట్టు అంటారెందుకు?

పేతురు, పౌలు ఇద్దరూ సిలువను మ్రాను అని పిలిచారు (అపొస్తలుల కార్యములు 5:30, గలతీయులకు 3:13). మ్రాను మీద వేలాడినవాడు శాపగ్రస్తుడనే ధర్మశాస్త్రం మాటను పౌలు యేసుకు వర్తింపజేశాడు. దీన్ని అందుకుని ఇరేనియసు, ఒక చెట్టు దగ్గర జరిగిన అవిధేయతను ఇంకో చెట్టు మీద జరిగిన విధేయత సరిచేసిందన్నాడు. అప్పటి నుంచి సంఘం సిలువనే జీవవృక్షంగా పాడుకుంటూ వస్తోంది. గుడ్ ఫ్రైడే ప్రసంగానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

తిత్లీలో మా కొబ్బరి తోట మొత్తం పోయింది. ఆదాము పాపం వల్లేనా? మా పాపం వల్లా?

వజ్రపుకొత్తూరు వైపు ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను ఉద్దానంలో కొబ్బరిని, జీడిని ఎలా పడగొట్టిందో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటేనే ఆరేడేళ్లు. తాతలు నాటినవి ఒక్క రాత్రిలో పోయాయి.

"మీ పాపం వల్ల" అన్న మాట మాత్రం ఎవరికీ చెప్పకండి. సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకుంటున్నారా, కాదు అని యేసు తేల్చి చెప్పాడు (లూకా 13:4-5). ఆదికాండము 3:17-18 నేల శపించబడిందని, ముండ్లు మొలిపిస్తుందని చెబుతుంది. రోమా 8:22 సృష్టి అంతా మూలుగుతోందంటుంది. అది మనుషులందరం, భూమితో సహా, కలిసి మోస్తున్న బరువు. ఒక ఊరి లెక్క, ఒక రైతు లెక్క కాదు.

యోవేలు 1:12 కూడా చదివి వినిపించాను. ద్రాక్ష, అంజూరం, దానిమ్మ, ఈత అన్నీ వాడిపోయాయి, మనుషులకు సంతోషం లేకుండా పోయింది అంటాడు ప్రవక్త. చెట్టు పోతే ఏడవడం అవిశ్వాసం కాదు. ఆ పెద్దాయన కాసేపు ఊరుకుని, "ఆయనకీ తోటుండేదేమో" అన్నారు.

చెట్టు నరికితే పాపమా? చర్చి ఆవరణలో వేపచెట్టు కొట్టేయమని కొందరంటున్నారు.

యుద్ధంలో పట్టణాన్ని ముట్టడించినప్పుడు కూడా పండ్ల చెట్లను గొడ్డలితో కొట్టొద్దని ద్వితీయోపదేశకాండము 20:19 చెబుతుంది. శత్రువు ఊరి చెట్లకే అంత రక్షణ ఉంటే మన కాంపౌండులో వేపచెట్టు ఏం చేసింది? ఎవరో దానికి పసుపుదారం కట్టారని కొట్టేయడం నాకు సబబుగా అనిపించదు. గోడ మీదికి ఒరిగిందనో, వేర్లు పునాదిని లేపుతున్నాయనో కారణం ఉంటే పెద్దలు కూర్చుని మాట్లాడుకోండి. కొడితే ఇంకోటి నాటండి. మే నెలలో దాని కిందే కదా మన వీబీఎస్ (వేసవి సెలవుల బైబిలు బడి) క్లాసులు జరిగేవి.

మట్టల ఆదివారం మట్టలు, క్రిస్మస్ చెట్టు: వీటికీ ఏదెనుకూ సంబంధం ఉందా?

మట్టలకు నేరుగా లేదు. అది యేసు యెరూషలేము ప్రవేశం (యోహాను 12:13). మన దగ్గర ఖర్జూర మట్టల బదులు ఈత, కొబ్బరి ఆకులు పడతాం. కతోలిక సంఘాల్లో ఆ మట్టల్నే దాచి, మరుసటి ఏడాది భస్మ బుధవారానికి కాల్చి బూడిద చేస్తారు. నువ్వు మట్టివి, మట్టికే చేరతావు అంటూ నుదుటి మీద పెడతారు. ఆ మాట ఆదికాండము 3:19 నుంచి వచ్చింది. అలా చూస్తే సంబంధం కలుస్తుంది.

క్రిస్మస్ చెట్టుకు ఉంది. మధ్యయుగపు ఐరోపాలో డిసెంబరు 24ను ఆదాము హవ్వల రోజుగా పాటించేవారు. ఆదాము హవ్వల కథ నాటకాల్లో పండ్లు కట్టిన పచ్చని చెట్టును ఏదెను చెట్టుగా నిలబెట్టేవారు. క్రిస్మస్ చెట్టుకు మూలాల్లో అదొకటని చెబుతారు.

ఏదెను ఎక్కడుంది?

నాలుగు నదుల పేర్లున్నాయి: పీషోను, గీహోను, హిద్దెకెలు, యూఫ్రటీసు. చివరి రెండూ ఇరాకులో ఇప్పటికీ పారుతున్నాయి. హిద్దెకెలు అంటే టైగ్రిసు. మొదటి రెంటి మీద వాదనలకు అంతు లేదు. అక్కడ తవ్వితే చెట్టు దొరుకుతుందన్నట్టు తిరిగే వీడియోలతో టైము వేస్టు చేసుకోకండి.

ఇదంతా అక్షరాలా జరిగిందా, గుర్తుగా చెప్పిన కథా?

సంఘాల్లో రెండు రకాలవాళ్లూ మొదటి నుంచీ ఉన్నారు. 3వ శతాబ్దంలో ఒరిగెను అనే సంఘ పండితుడు, దేవుడు రైతులా చెట్లు నాటాడని అక్షరాలా నమ్మేంత అమాయకులెవరు అని సూటిగానే రాశాడు. అగస్టీను చెట్లు నిజమైన చెట్లే, వాటికి లోతైన అర్థమూ ఉందన్నాడు. మన బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో చాలామంది అక్షరాలా తీసుకుంటారు. కతోలిక బోధ, అలంకారిక భాషలో చెప్పినా మానవచరిత్ర ఆరంభంలో నిజంగా జరిగిన ఒక సంఘటన అంటుంది. నేను అగస్టీను పక్షం. మీరు ఏ పక్షమైనా, చెట్టు ఏం చెబుతోందన్నది మాత్రం తప్పించుకోలేరు.

సండే స్కూలు పిల్లలకు దీన్ని ఎలా చెప్పాలి?

పాము బొమ్మతో మొదలుపెట్టకండి. అదొక్కటే గుర్తుంటుంది, రాత్రి భయపడతారు. తోటతో మొదలుపెట్టండి. ఒక్కొక్కళ్లనీ వాళ్ల పెరట్లో ఉన్న చెట్టు పేరు చెప్పమనండి: పనస, జామ, సపోటా, మునగ. బోర్డు నిండుతుంది. "ఇవన్నీ తినండి" అన్నది దేవుడి మొదటి మాట అని చెప్పండి. తర్వాత రెండు చెట్లూ గీయించండి, ఒకటి గీసి వదిలేయొద్దు. యాపిల్ బొమ్మ వాడక తప్పకపోతే, పండు పేరు బైబిల్లో లేదని ఒక్క మాట చెప్పి వాడండి. పెద్ద పిల్లలైతే ఆదికాండము 2, 3, ప్రకటన 22 ఒకే క్లాసులో చదివించండి. జీవవృక్షం దగ్గర మూసిన దారి ఎక్కడ మళ్లీ తెరుచుకుందో వాళ్లనే వెతకమనండి. గంట సరిపోదు, రెండు ఆదివారాలు పెట్టుకోండి.